పరీక్షలో పాసైన టెర్రస్ వానకు ఎందుకు కారింది?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, మొత్తం పదిహేను ఫ్లాట్లు. మేం పై అంతస్తులో ఉంటాం. నాలుగేళ్ల క్రితం తాళాలు తీసుకున్నాం. రెండో వానాకాలం నుంచే మాస్టర్ బెడ్‌రూమ్ సీలింగ్‌కి నైరుతి మూల చెమ్మ పట్టి పెచ్చులు రాలడం మొదలైంది. ఈ ఏప్రిల్‌లో అసోసియేషన్ అందరి దగ్గరా డబ్బులు వసూలు చేసి టెర్రస్ అంతా వాటర్‌ప్రూఫింగ్ చేయించింది. కాంట్రాక్టర్ తూములు మూసేసి, ఒక రోజంతా నీళ్లు నిలిపి చూపించాడు. తూముల దగ్గర రెండంగుళాల నీళ్లున్నాయి, కింద చుక్క కారలేదు. బిల్లు మొత్తం కట్టేశాం. మేలో ఆ మూల పూర్తిగా ఆరిపోయింది, పెయింట్ కూడా వేయించాం. జూన్ చివర్లో రెండు రోజులు గాలివాన పడేసరికి మళ్లీ అదే మూల, అదే మచ్చ. అడిగితే, "పరీక్ష మీ ముందే చేశాం కదా మేడమ్, ఇది మీ ట్యాంక్ పైపుల లీకేజీ" అంటున్నాడు. ట్యాంక్ కూడా ఆ మూలే ఉంది. ఇంకొకాయన కెమెరా తెచ్చి స్కాన్ చేస్తానని పాతిక వేలు అడుగుతున్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం:

అమ్మా, ఇద్దరి మాటా వినకముందు మీ టెర్రస్ మీదికి వెళ్లి, నైరుతి మూల నిలబడి ఈశాన్యం వైపు ఒకసారి చూడండి.

మన దగ్గర డాబా వాలు ఎటు పెడతారో మీకు తెలిసిందే. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం. వాన నీళ్ల తూములన్నీ ఈశాన్యం వైపే ఉంటాయి. వాస్తు సంగతి పక్కన పెట్టండి, నీళ్లు ఏదో ఒక వైపు పోవాలి కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ నీళ్లు నిలిపి పరీక్ష చేసేటప్పుడు ఈ వాలే మోసం చేస్తుంది. మామూలుగా వంద అడుగులకు ఒక అడుగు వాలు పెడతారు. మీ టెర్రస్ నైరుతి నుంచి తూముల దాకా నలభై అడుగులు ఉందనుకుందాం. అంటే ఆ కొసకీ ఈ కొసకీ ఎత్తులో తేడా దాదాపు అయిదు అంగుళాలు. కాంట్రాక్టర్ తూముల దగ్గర రెండంగుళాల నీళ్లు నిలిపాడు. ఆ నీళ్లు వాలు మీద ఎంత దూరం పాకుతాయి? లెక్క కడితే పదహారు, పదిహేడు అడుగులు. అక్కడితో ఆగిపోతాయి. మిగతా ఇరవై మూడు అడుగులూ, అందులో మీ బెడ్‌రూమ్ పైభాగమంతా, పరీక్ష జరిగిన రోజంతా పొడిగానే ఉండి ఉంటుంది.

అంటే పరీక్షకు కూర్చున్నది ఈశాన్యం, సర్టిఫికెట్ ఇచ్చింది మొత్తం టెర్రస్‌కు. ఆయన కావాలని మోసం చేశాడని నేను అనను. చాలామంది ఇలాగే చేస్తారు. నీళ్లు నిలిపామా, కారిందా లేదా, అంతే చూస్తారు. ఎక్కడ నిలిచాయి, ఎంత లోతున నిలిచాయి అని అడిగేవాళ్లు తక్కువ.

పోనీ, నైరుతి మూలక్కూడా ఒక అంగుళం నీళ్లు అందేలా నింపమంటే? అప్పుడు తూముల దగ్గర ఆరంగుళాలు నిలపాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే కిలో బరువు. ఆరంగుళాలంటే చదరపు మీటరుకి దాదాపు నూట యాభై కిలోలు. మనుషులు తిరిగే డాబాకు మన ఇండియన్ స్టాండర్డ్ ప్రకారం లెక్కలోకి తీసుకునే బరువు కూడా దాదాపు అంతే. పరీక్ష కోసం స్లాబును ఆ హద్దు దాకా తీసుకెళ్లడం ఏ ఇంజనీరూ చేయమనడు. కాబట్టి టెర్రస్ మొత్తాన్ని ఒకే చెరువు చేయకుండా పొలంలో మడులు కట్టినట్టు ముక్కలు ముక్కలుగా కట్టాలి. స్లాబ్ వేసిన మర్నాడు క్యూరింగ్ కోసం మేస్త్రీలు మట్టి కట్టలు వేసి నీళ్లు నిలుపుతారు చూశారా, అచ్చం అలాగే.

ఇక ఒక రోజు సరిపోతుందా అన్న సంగతి. ఇటుక ముక్కలు పరిచి వేసే పాత పద్ధతి వాటర్‌ప్రూఫింగ్‌కు కేంద్ర ప్రజాపనుల శాఖ స్పెసిఫికేషన్‌లో కనీసం రెండు వారాల పాటు డాబా మీద నీళ్లు నిలపాలని రాసి ఉంటుంది. క్యూరింగూ అదే, చివరి పరీక్షా అదే. పైన పూతలా వేసే కొత్త రకాలకూ, షీట్లకూ అన్ని రోజులు అక్కర్లేదు. వాటికి ఒకటి నుంచి మూడు రోజులు నిలుపుతారు. కానీ పూత కింద మందపాటి ఇటుక ముక్కల పొర ఉంటే నేను ఒక రోజు పరీక్షను నమ్మను. ఆ పొర స్పాంజిలాంటిది. పైన చిన్న చిల్లు ఉన్నా ముందు తను తాగుతుంది, తర్వాత పక్కకు పాకిస్తుంది, స్లాబులో ఎక్కడో సందు దొరికాకే కిందికి వదులుతుంది. అందుకే కింద మచ్చ కనిపించినచోటే సరిగ్గా పైన చిల్లు ఉండాలని లేదు. పది అడుగుల అవతల కూడా ఉండొచ్చు.

నా సొంత తప్పు ఒకటి చెప్పనివ్వండి. కొత్తగా సైట్ చూస్తున్న రోజుల్లో ఒక డాబాకు మూడు రోజులు నీళ్లు నిలిపాను. తూముల్లో గోనెపట్టా ముక్కలు కుక్కి, పైన సిమెంట్ మెత్తి గట్టిగా మూయించాను. ఎక్కడా తడి లేదు. ఓనరు దగ్గర మంచిపేరు కూడా వచ్చింది. మొదటి వానకే తూము చుట్టూ కారింది! ఎందుకంటే, గొట్టం స్లాబులో దిగేచోట ఉన్న అతుకులోనే సందు ఉంది. నేను ఆ సందునే సిమెంట్‌తో కప్పి, "లీకేజీ లేదు" అని రాసిచ్చాను. అప్పటి నుంచి తూము మూసేటప్పుడు బిరడా గొట్టం లోపలికి దిగాలి, పై అతుకు నీళ్లలో మునగాలి అని పట్టుబడతాను. ఆ పరీక్ష అయ్యాక బిరడా తీసేసి, గొట్టంలోకి అరగంట నీళ్లు వదిలి మళ్లీ చూస్తాను.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. మీ మూలకు అనుమానితులు నలుగురు: ట్యాంకూ దాని పైపులూ, డాబా నేల, నేలా పిట్టగోడా కలిసేచోటు, పిట్టగోడ. వీటిని ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి. అన్నీ ఒకేసారి తడిపితే కారుతుందని తెలుస్తుంది గానీ ఎందుకు కారుతుందో తెలియదు. ఆ మాత్రం వాన ఎలాగూ చెప్పేసింది.

ముందు ఇంట్లో పని. మచ్చ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, గీత మీదే తేదీ వేయండి. ఫొటో తీయండి. ఆ మూల ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక విప్పించండి, లేకపోతే అది తడిని దాచేస్తుంది, మీకు రెండు రోజులు ఆలస్యంగా తెలుస్తుంది. అక్కడికి దగ్గర్లో ఫ్యాన్ గానీ లైటు పాయింటు గానీ ఉంటే పరీక్ష అయ్యేదాకా ఆ లైను ఆపేయండి. వాన లేకుండా నాలుగైదు రోజులు ఎండ కాసి, మచ్చ ఆరడం మొదలయ్యాకే పరీక్ష మొదలుపెట్టాలి. తడిసి ఉన్న మూల మీద ఏ పరీక్షా అబద్ధమే చెబుతుంది.

కాంట్రాక్టర్ ట్యాంక్ మీద వేసిన నింద పూర్తిగా కొట్టిపారేయలేం. మేలో మూల ఆరిపోయిందని రాశారు కాబట్టి పైపు నిత్యం కారుతూ ఉండటం అనుమానమే. పైపు లీకైతే దానికి ఎండాకాలం, వానాకాలం తేడా ఉండదు. కానీ ఒక్క సందేహం ఉంది. మేలో మన బోర్ల సంగతి తెలుసు కదా, ట్యాంక్ నిండటమే గగనం. వానలు మొదలయ్యాక బోరు పుంజుకుంటుంది, వాచ్‌మన్ మోటార్ వేసి మరిచిపోతాడు, ట్యాంక్ పొంగి ఆ మూలంతా పారుతుంది. జూన్‌లో అలా జరిగిందేమో కనుక్కోండి. లీకేజీ చూడటానికి మాత్రం సులువైన దారి ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక ట్యాంక్ నుంచి కిందికి వెళ్లే వాల్వులన్నీ మూసి, మోటార్ ఆపి, లోపల నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. తెల్లవారి చూస్తే మట్టం దిగకూడదు. దిగిందంటే ట్యాంకో, వాల్వుకు ముందున్న అతుకో కారుతోంది. ఆ తర్వాత వాల్వులు తెరిచి డాబా మీద పైపుల కింద పొడి న్యూస్‌పేపర్లు పరిచి ఒక పూట వదిలేయండి. కాగితం దాచిపెట్టదు. ట్యాంక్ నీళ్లలో మాత్రం ఎవరేం చెప్పినా రంగు కలపనివ్వకండి, అవి పదిహేను ఇళ్ల నీళ్లు.

ట్యాంక్ దగ్గర ఉన్నప్పుడే ఇంకొకటి చూడండి. ట్యాంక్ దిమ్మెల కిందికి పూత వెళ్లిందా, లేక చుట్టూ పూసి వదిలేశారా? నిండు ట్యాంకును ఎవరూ జరపరు. అందుకే చాలా డాబాల మీద దిమ్మె మొదట్లో పూత ఆగిపోయి ఒక అంచు మిగిలిపోతుంది, నీళ్లు అక్కడి నుంచి దిగొచ్చు.

తర్వాత నేల. మీ బెడ్‌రూమ్ పైన పది అడుగులకు పది అడుగుల మడి కట్టించండి. ఇటుక ముక్కలు పేర్చి మధ్యలో బంకమట్టి గానీ పల్చటి సిమెంట్ గానీ మెత్తితే చాలు, ఎత్తు మూడంగుళాలు మించొద్దు. ముఖ్యమైన మాట, మొదటి మడిని పిట్టగోడకు ఆనించి కట్టకండి, అడుగు ఎడం వదలండి. అప్పుడే నేల ఒక్కదాన్నీ పరీక్షించినట్టు. పై అంచున ఒక అంగుళం, పల్లం వైపు రెండంగుళాల చిల్లర నీళ్లు నిలుస్తాయి. మొత్తం మూడు వందల ఎనభై లీటర్ల దాకా పడతాయి, స్లాబుకు ఇదొక బరువే కాదు.

మడిలో ఒక స్టీలు స్కేలు నిలబెట్టి రోజూ ఒకే వేళకు మట్టం రాసుకోవాలి. అయితే ఎండకు ఆవిరయ్యేదెంత, కిందికి ఇంకేదెంత అన్న గొడవ వస్తుంది. కాంట్రాక్టర్లకు ఇష్టమైన సమాధానం, "ఎండకి ఎగిరిపోయింది సార్". దానికి మందు ఒక వెడల్పాటి బేసిన్. దాన్ని అదే మడిలో పెట్టి, అంతే లోతున నీళ్లు పోయండి. రెండింటి మీదా ఒకే ఎండ, ఒకే గాలి, మధ్యలో జల్లు పడినా రెండింటి మీదా పడుతుంది. బేసిన్‌లో ఆరు మిల్లీమీటర్లు తగ్గి మడిలోనూ ఆరే తగ్గితే అది ఆవిరి. మడిలో ఎనిమిది తగ్గితే ఆ రెండు మిల్లీమీటర్లు ఎక్కడికో పోతున్నట్టు. రెండే కదా అనుకోకండి, ఆ మడి కొలతకు అది రోజుకు పద్దెనిమిది లీటర్లకు పైమాటే. మొదటి రోజు లెక్క మాత్రం వదిలేయండి, కట్ట మట్టీ, నేలా కొంత తాగుతాయి. రెండో రోజు, మూడో రోజు అంకెలే చూడాలి. మట్టం తగ్గి సీలింగ్ పొడిగా ఉంటే, కట్ట నుంచి కారుతోందేమో ముందు చూడండి. అది కాకపోతే నీళ్లు ఇటుక ముక్కల పొరలోకి దిగుతున్నట్టే.

మూడు రోజులకూ గీత దాటి మచ్చ పెరగలేదా? అప్పుడు కట్టను గోడ వైపు తెరిచి, నీళ్లు పిట్టగోడ మొదలుకు తాకేలా మడిని పొడిగించండి. ఇంకో రెండు రోజులు. నా అనుభవంలో డాబా లీకేజీల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరుకుతాయి. స్లాబ్ ఎండకు సాగుతుంది, రాత్రికి కుంచించుకుంటుంది. పిట్టగోడ ఇటుకతో కట్టింది, దాని తీరు వేరు. రెండూ కలిసేచోట గుండ్రంగా సిమెంట్ అంచు వేసి, పూతను గోడ మీదికి అడుగు ఎత్తున ఎక్కించకపోతే అక్కడ వెంట్రుకవాసి చీలిక రావడం ఖాయం.

ఇక పిట్టగోడ. నేను పందెం కట్టమంటే దీని మీదే కడతాను. మీరు "గాలివాన" అని రాశారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా హైదరాబాద్‌లో గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచే వీస్తుంది. నైరుతి మూల పిట్టగోడ బయటి ముఖం ఆ జల్లుకు ఎదురుగా నిలబడుతుంది. బయటి ప్లాస్టరింగ్‌లో చీలిక ఉంటే నీళ్లు గోడలోకి దిగి, డాబా మీద పూసిన పూతను ముట్టకుండానే దాని కిందికి చేరతాయి. డాబా మీద నెల రోజులు నీళ్లు నిలిపినా ఇది బయటపడదు.

దీనికి పైపుతో నీళ్లు కొట్టి చూడాలి. ఎప్పుడూ కింది నుంచి పైకి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు జారి కింద ఉన్నవన్నీ తడిపేస్తాయి, ఏ చీలిక పని చేసిందో చెప్పలేరు. మొదట లోపలి ముఖం కింది భాగం అరగంట, తర్వాత ఒక గంట ఆగి సీలింగ్ చూడటం. తర్వాత లోపలి ముఖం పైభాగం. ఆ తర్వాత బయటి ముఖం, స్లాబ్ అంచు దగ్గర మొదలుపెట్టి పైకి. ఆఖరున గోడ తల. చాలా పిట్టగోడల తల బల్లపరుపుగా ఉంటుంది, అక్కడ నీళ్లు నిలిచి లోపలికి దిగుతాయి. నిజానికి దానికి డాబా వైపు వాలు ఉండాలి. బయటి ముఖం తడపడానికి మాత్రం ఎవరినీ గోడ మీదికి వంగనివ్వకండి. అయిదో అంతస్తు అది, పొడవాటి గొట్టానికి వంపు పెట్టి లోపల నుంచే కొట్టొచ్చు. డాబా మీద డిష్ యాంటెన్నాకో, బట్టల తీగకో కొట్టిన బోల్టులు ఆ మూల ఉంటే వాటినీ విడిగా తడపండి.

ఎక్కడ తడిపినప్పుడు సీలింగ్ తడిసినా ఆగిపోండి. తేదీ, టైమ్, ఫొటో. ఆ చోటు బాగుచేయించి, అదే చోట అదే పరీక్ష మళ్లీ చేయించండి. రెండోసారి కారకపోతే దోషి దొరికినట్టే.

రెండు మూడు చోట్ల మీద అనుమానం మిగిలితే రంగు నీళ్లు పనికొస్తాయి. ఫ్లోరసీన్ అని ఆకుపచ్చగా మెరిసే రంగు దొరుకుతుంది, చిటికెడు చాలు. సిమెంట్ క్షారంలోనూ దాని మెరుపు తగ్గదు, కింద అల్ట్రావయొలెట్ టార్చ్ వేసి చూస్తే సన్నటి తడి కూడా పచ్చగా వెలుగుతుంది. అయితే ఎండకు ఆ రంగు విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం కలపాలి. టైల్స్ మీద, సున్నం మీద మరక పడుతుందని ముందే అందరికీ చెప్పండి, లేకపోతే అసోసియేషన్ మీటింగ్‌లో ఇంకో గొడవ.

కెమెరా స్కాన్ విషయం. థర్మల్ కెమెరా నీళ్లను చూడదు, వేడిని చూస్తుంది. తడి ఉన్నచోట ఆవిరవుతూ చల్లగా ఉంటుంది కాబట్టి నీలంగా కనిపిస్తుంది. ఏసీ గాలి తగిలేచోటు కూడా నీలంగానే కనిపిస్తుంది. తడి ఎంత దూరం పాకిందో చూపించడానికి అది మంచి పనిముట్టే, కానీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. సీలింగ్‌కు సూదులు గుచ్చి చూసే తేమ మీటరూ అంతే. సిమెంట్‌లోని ఉప్పు తెల్లగా పైకి తేలిన చోట పొడిగా ఉన్నా తేమ ఎక్కువ చూపిస్తుంది. కరెంటుతో చిల్లును పట్టే పరీక్ష కూడా ఒకటి ఉంది, పెద్ద భవనాల్లో షీట్ వేసిన వెంటనే, పైన ఏమీ కప్పకముందు చేస్తే సూది బెజ్జాన్ని కూడా పట్టేస్తుంది. మీ డాబా మీద పూత పైన టైల్స్ గానీ సిమెంట్ పొర గానీ వేసేసి ఉంటే దాని ఉపయోగం తగ్గిపోతుంది. మొత్తానికి ఆ పాతిక వేలు ఇప్పుడే ఇవ్వకండి. పైన చెప్పినదానికి ఒక మేస్త్రీ కూలీ, రెండు బస్తాల సామాను, పది రోజుల ఓపిక చాలు.

మీరు అడగలేదు గానీ ఒక మాట. తాళాలు తీసుకుని నాలుగేళ్లే అయిందన్నారు. 2016 నాటి రెరా చట్టం, అంటే బిల్డర్లను అదుపు చేసే రియల్ ఎస్టేట్ చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం ఉందని తెలియజేస్తే బిల్డరే 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. అసోసియేషన్ చందాలు వేసి పని చేయించేముందు ఆయనకు ఉత్తరం పెట్టి ఉండాల్సింది. ఇప్పుడు "మీరు వేరేవాళ్లతో చేయించారు కదా" అని ఆయన తప్పుకోవాలని చూస్తాడు. అయినా ఏడాది టైముంది. మచ్చ రెండో వానాకాలం నుంచే ఉందనడానికి పాత ఫొటోలు, వాట్సాప్ మెసేజీలు వెతికి పెట్టండి, రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. లోపం బయటి పిట్టగోడ ప్లాస్టరింగ్‌దని పరీక్షలో తేలితే, మీ కాంట్రాక్టర్ ముట్టుకోని చోటు కాబట్టి బిల్డర్‌కు ఆ సాకు కూడా ఉండదు.

కాంట్రాక్టర్‌తో పోట్లాడకండి, పరీక్షకు రమ్మని పిలవండి. ఆయన ఎదుటే మడి కట్టించి, స్కేలు అంకెల కాగితం మీద రోజూ ఆయన చేతా, అసోసియేషన్ సెక్రటరీ చేతా సంతకం పెట్టించండి. ఆయనిచ్చిన గ్యారంటీ కాగితం కూడా ఒకసారి చదవండి, అందులో పిట్టగోడ ఉందో లేదో.

వాతావరణ శాఖ వారం సూచన చూసుకుని, పొడి రోజుల్లో మొదలుపెట్టండి. రాత్రికి కుండపోత వచ్చేలా ఉంటే మడి కట్ట తెంచేయాలి, ఆ బాధ్యత ఎవరిదో ముందే అనుకోండి. వాచ్‌మన్‌కు మాత్రం ఈ పది రోజులూ మోటార్ దగ్గరే నిలబడి, ట్యాంక్ నిండగానే ఆపమని చెప్పండి. ఒక్కసారి ట్యాంక్ పొంగి ఆ మూల తడిసిందంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.